ఒకే స్లైడు మీద రెండు రకాల కణాలు చూడటం ఎలా?

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలందరూ ఒక పట్టికను బట్టీ పడతారు. ఎడమ పక్క కేంద్రకపూర్వ కణం, అంటే బ్యాక్టీరియా లాంటిది, కుడి పక్క నిజకేంద్రక కణం, అంటే మనదీ మొక్కలదీ. కేంద్రక త్వచం, అంటే కేంద్రకం చుట్టూ పొర, లేదు, ఉంది. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లేవు, ఉన్నాయి. రైబోజోమ్‌లు 70ఎస్, 80ఎస్ (ప్రోటీన్లు తయారుచేసే ఆ రేణువుల పరిమాణాన్ని సూచించే అంకెలు). పరీక్షలో మార్కులు వస్తాయి, సెలవుల్లోపే అంతా మరచిపోతారు. నేనూ అలాగే చదివాను. మా బడిలో మైక్రోస్కోప్ ఉండేది, కాకపోతే అద్దాల బీరువాలో, తాళం వేసి. నేను చదివిన మూడేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదు. నా చెంప కణాన్ని నేను మొదటిసారి చూసుకున్నది డిగ్రీలో చేరాకే. లేత నీలం రంగులో నలిగిన అప్పడంలాంటి కణం, దాని నడుమ ముదురు నీలం చుక్క, ఒంటి నిండా చీమల్లా అంటుకున్న చిన్న చిన్న గింజలు. ఆ గింజలు బ్యాక్టీరియా అని మేడమ్ చెప్పినప్పుడు, పట్టికలోని రెండు వరుసలూ ఒకే చోట కళ్లముందు కనిపించాయి. ఆ రోజు నుంచి ఆ పట్టికను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

మీరు టీచరైనా, విద్యార్థి అయినా, పిల్లలకు ఇంట్లో చూపించాలనుకునే అమ్మానాన్నలైనా, కింద చెప్పినట్టు చేస్తే ఒక్క పూటలో ఇదంతా చూడవచ్చు. లెన్సులో చూస్తున్నంతసేపూ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి: రంగు ఎక్కడ గుమిగూడింది? ఒక మూల గదిలో పెట్టి తలుపు వేసినట్టు ఉందా, ఒళ్లంతా పరుచుకుని ఉందా? రెండు రకాల కణాల మధ్య తేడా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

40 రెట్ల ఆబ్జెక్టివ్ ఉన్న మామూలు బడి మైక్రోస్కోప్ చాలు. కంటివైపు లెన్సు 10 రెట్లు, కింది లెన్సు 40 రెట్లు, మొత్తం 400 రెట్లు. 100 రెట్ల ఆయిల్ లెన్సు కూడా ఉంటే బ్యాక్టీరియా ఆకారం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు చూపిస్తుంది కాబట్టి ఉల్లిపొరకూ చెంప కణానికీ సరిపోతుంది, బ్యాక్టీరియాకు చాలదు.

స్లైడులు, కవర్ స్లిప్పులు, డ్రాపర్, టూత్‌పిక్‌లు, టిష్యూ పేపరు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలు తెచ్చుకోండి. రంగుల్లో రెండు కావాలి. ఒకటి అయోడిన్, మందుల షాపులో దొరుకుతుంది. రెండోది మిథిలీన్ బ్లూ. దీనికోసం సైన్సు పరికరాల దుకాణం వెతకనక్కర్లేదు, అక్వేరియం చేపలు అమ్మే షాపులో చిన్న సీసాల్లో ఉంటుంది. బట్టల మీద పడితే ఒక పట్టాన పోదు కాబట్టి పాత చొక్కా వేసుకోండి.

ఇక ఒక ఉల్లిపాయ, ఒక చెంచా పెరుగు, గుప్పెడు అజొల్లా. పశువుల మేత కోసం అజొల్లా తొట్టి పెంచే రైతులు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు, అడిగితే గ్లాసెడు ఇస్తారు. ఈ అజొల్లాను మాత్రం వదిలేయకండి. ఎందుకో కిందికి వెళ్లాక మీకే తెలుస్తుంది.

మొదట ఉల్లిపొరతో చెయ్యి తిప్పుకోండి

ఉల్లిపాయను నాలుగు ముక్కలు చేసి, ఒక రేకును మధ్యకు విరవండి. లోపలి వైపు గాజు కాగితంలాంటి పలచటి పొర వేలాడుతుంది. దాన్ని మెల్లగా లాగి, గోరంత ముక్క కత్తిరించి, స్లైడు మీద నీటిచుక్కలో పరవండి. మడత పడకూడదు. ఒక చుక్క అయోడిన్ వేసి రెండు నిమిషాలు ఆగండి. కవర్ స్లిప్పును ఒక అంచు ముందు ఆనించి, తలుపు మూసినట్టు నెమ్మదిగా వాల్చండి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా మెరిసేది ఏదైనా కనిపిస్తే అది గాలి బుడగ. పిల్లల రికార్డు పుస్తకాల్లో దాన్నే కణమని గీసిన బొమ్మలు నేను ఎన్ని చూశానో లెక్కే లేదు.

ఫోకస్ చేసేటప్పుడు ఎప్పుడూ చిన్న లెన్సుతోనే మొదలుపెట్టండి. పక్కనుంచి చూస్తూ లెన్సును స్లైడుకు దగ్గరగా తెచ్చి, ఆ తర్వాత కంటితో చూస్తూ దూరం జరుపుతూ ఫోకస్ చేయండి. కంటితో చూస్తూ లెన్సును కిందికి దించితే స్లైడు పగిలిపోతుంది. బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తే వెలుతురు పెంచకండి, స్లైడు కింద ఉండే వెలుతురు రంధ్రాన్ని, అంటే డయాఫ్రమ్‌ను, కాస్త మూసి తగ్గించండి. పారదర్శకమైన కణాలు తక్కువ వెలుతురులోనే గీతలు తేరతాయి.

ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కో దానిలో పసుపు గోధుమ రంగు కేంద్రకం. చాలాసార్లు అది నడిమధ్యలో కాకుండా గోడకు ఒదిగి ఉంటుంది. మధ్య చోటంతా పెద్ద రిక్తిక, అంటే నీటి సంచి, ఆక్రమించి కేంద్రకాన్ని పక్కకు నెట్టేసింది. ఇక్కడికి చేతికి అలవాటు వచ్చింది, ముందుకు వెళదాం.

చెంప లోపలి కణం, దాని మీది బ్యాక్టీరియా

పుస్తకంలో నోరు పుక్కిలించి చెంప గీకమని ఉంటుంది. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పొద్దున్నే, పళ్లు తోముకోకముందు చేయండి. టూత్‌పిక్ మొద్దు వైపుతో చెంప లోపల నాలుగైదు సార్లు మెత్తగా గీకి, చివర్లో చిగురు అంచున ఒక్కసారి రాయండి. రక్తం వచ్చేలా గీకక్కర్లేదు. ఎవరి నోటిది వాళ్లే తీసుకోవాలి, ఒకరి పుల్ల ఇంకొకరు ముట్టుకోకూడదు.

పుల్ల మీది తడిని స్లైడు మధ్యలో పావలా బిళ్లంత మేర పలచగా పూసి గాలికి ఆరనివ్వండి. ఆరాక, పూసిన వైపు పైకి ఉండేలా పట్టుకుని, స్పిరిట్ దీపం మంట మీదుగా రెండు మూడు సార్లు చకచకా అటూ ఇటూ ఆడించండి. స్లైడు అరచేతి వెనక ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. ఇలా చేస్తే కణాలు గాజుకు అంటుకుని, కడిగినప్పుడు కొట్టుకుపోవు. మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి ఒక నిమిషం ఉంచి, స్లైడును వాల్చి, నీళ్లు సన్నధారగా పోసి కడగండి. ధారను నేరుగా పూసిన చోట పోయకండి, పై అంచున పోస్తే అదే జారుతుంది. ఒక నీటిచుక్క, దాని మీద కవర్ స్లిప్పు.

కింద 10 రెట్ల లెన్సు పెట్టి, అంటే మొత్తం 100 రెట్లలో చూస్తే నీలి మచ్చలు విడివిడిగానో గుంపుగానో ఉంటాయి. ముద్దగా ఉన్నచోటును వదిలేసి, ఒంటరిగా పడి ఉన్న కణాన్ని వెతికి నడిమధ్యకు తెచ్చుకోండి. అప్పుడు 400కు మారండి. ఇక్కడ తొందరపడకండి, సన్న ఫోకస్ చక్రాన్ని అటు కాస్త ఇటు కాస్త తిప్పుతూ ఒక నిమిషం నిలకడగా చూడండి. మూలలు మూలలుగా ఉన్న పలచటి కణం, అంచులు అక్కడక్కడా మడతపడి. మధ్యలో చిక్కటి నీలం కేంద్రకం. కణం ఒంటి మీద, అంచుల చుట్టూ ఇసుక రేణువుల్లాంటి చుక్కలు, కొన్ని పొట్టి కడ్డీలు. అవే బ్యాక్టీరియా.

ఇప్పుడు మన ప్రశ్న. రంగు ఎక్కడ ఉంది? మిథిలీన్ బ్లూకు ధనావేశం ఉంటుంది, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు రుణావేశం. కాబట్టి అవి ఎక్కడ ఎక్కువగా ఉంటే రంగు అక్కడికి చేరుతుంది. చెంప కణంలో డీఎన్ఏ దాదాపు అంతా ఒక పొర లోపల భద్రంగా ఉంది, అందుకే అక్కడ చిక్కని చుక్క, మిగతాదంతా పలచన. బ్యాక్టీరియాలో అలా దాచుకునే గదే లేదు. దాని డీఎన్ఏ న్యూక్లియాయిడ్ అనే చోట ముడుచుకుని ఉన్నా చుట్టూ పొర ఉండదు, మిగతా చోటంతా రైబోజోమ్‌లు కిక్కిరిసి ఉంటాయి, వాటిలో ఆర్ఎన్ఏ. అందుకే ఆ గింజ మొత్తం ఒకే నీలంగా కనిపిస్తుంది. పట్టికలో ‘కేంద్రక త్వచం లేదు’ అన్న మాట కంటికి కనబడే తీరు ఇదే.

హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్ తన పళ్ల గారను తానే తయారుచేసుకున్న లెన్సుతో చూసి, అందులో కదిలే చిన్న ప్రాణుల గురించి 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. కేంద్రకానికి ఆ పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ మొక్కల కణాల్లో దాన్ని గమనించాడు. ఆ రెండు పరిశీలనల మధ్య దాదాపు నూట యాభై ఏళ్లు. మీకు రెండూ లెన్సులో కనిపించే ఒకే వెలుతురు వలయంలో ఉన్నాయి.

అజొల్లా: రంగు వేయకుండానే

నన్నడిగితే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా మంచి స్లైడు ఇది. రంగు అక్కర్లేదు, మంట అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

అజొల్లా ఒక చిన్న నీటి ఫెర్న్. పైకి కనిపించే ఆకుపచ్చ పొలుసుల్లాంటి ప్రతి ఆకు లోపలా ఒక చిన్న గుహ ఉంటుంది. ఆ గుహలో అనబీనా అనే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి అజొల్లాకు అందించేది అదే. వరి పొలంలో అజొల్లా వేసి కలియదున్నితే నేలకు నత్రజని అందేది దీని పుణ్యమే.

కొమ్మ కొనన ఉన్న లేత ఆకులు వద్దు. కొంచెం వెనక్కి వచ్చి ముదిరిన ఆకులు రెండు మూడు సూదితో తీసి స్లైడు మీద నీటిచుక్కలో వేయండి. కవర్ స్లిప్పు కప్పి, పైన టిష్యూ మడత పెట్టి, పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో నిలువుగా నొక్కండి. పక్కకు జరపకండి. ఆకు చిట్లి, గుహలోనిది బయటికి వస్తుంది. ముందు తక్కువ వెలుతురులో 100 రెట్లలో ఆకు ముక్క అంచు వెంబడే చూడండి. పూసల దండల్లాంటివి బయటికి జారి ఉంటాయి. అవి దొరికాక 400కు వెళ్లండి.

ఒక్కో పూసా ఒక కణం, ఒక్కో కణం సుమారు 5 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లేదా ఇంకాస్త ఎక్కువ. బ్యాక్టీరియాల్లో ఇది పెద్ద శరీరమే, అందుకే ఆయిల్ లెన్సు లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. దండలో మధ్యమధ్య ఒక పూస మిగతావాటికన్నా పెద్దదిగా, పాలిపోయి, మందపాటి గోడతో ఉంటుంది. అది హెటిరోసిస్ట్. నత్రజనిని పట్టే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది కాబట్టి, ఆ కణం ఆక్సిజన్ విడుదల చేసే పని మానేసి, గోడ మందం చేసుకుని ఆ ఒక్క పనికే అంకితమైంది. లేత ఆకులు వద్దన్నది అందుకే, కొనన ఉన్న దండల్లో ఈ పెద్ద పూసలు ఇంకా ఏర్పడి ఉండవు.

ఇప్పుడు అదే వలయంలో పక్కనున్న అజొల్లా ఆకు ముక్క వైపు చూపు తిప్పండి. పచ్చదనం ఎక్కడుంది? ఆకు కణంలో పచ్చదనం విడివిడి బిళ్లలుగా ఉంది, బిళ్లకూ బిళ్లకూ మధ్య చోటు తెల్లగా ఖాళీ. అవి హరితరేణువులు. పూసల దండలో అలాంటి బిళ్లలు ఒక్కటీ ఉండవు, కణం మొత్తం ఒకే నీలి ఆకుపచ్చ. అక్కడ పత్రహరితం ఉన్న పొరలు కణద్రవ్యంలోనే పరచుకుని ఉన్నాయి, వాటిని చుట్టి ఉంచే సంచి లేదు.

ఇంకొక్క క్షణం ఆగి ఆ బిళ్లనూ ఈ పూసనూ పోల్చండి. పరిమాణం ఇంచుమించు సమానం! ఇది కాకతాళీయం కాదు. హరితరేణువులు ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా వంశానివే. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద కణంలోకి చేరి అక్కడే ఉండిపోయాయి. వాటికి నేటికీ సొంత డీఎన్ఏ ఉంది, గుండ్రంగా, బ్యాక్టీరియాకు ఉన్నట్టే. మైటోకాండ్రియా కూడా ఇలాగే వేరే బ్యాక్టీరియా నుంచి వచ్చాయి. ఈ వాదాన్ని అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు, ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన మాటల్లో చెప్పాలంటే హరితరేణువు ఇల్లరికం వచ్చి ఇంటిపేరు కూడా మార్చుకున్న అల్లుడు, ఆకు గుహలోని అనబీనా అద్దెకు దిగి అందరితో కలిసిపోయిన కుటుంబం. ఆ ఇద్దరూ మీ కంటి ముందు ఒకే వలయంలో ఉన్నారు.

పెరుగు తేట

ఇది త్వరగా ముగించవచ్చు. పెరుగు మీద తేరిన తేట ఒక చుక్క, నాలుగు చుక్కల నీళ్లలో కలిపి, అందులోంచి కొంచెం తీసి స్లైడు మీద పూసి, చెంప కణాలకు చేసినట్టే ఆరబెట్టి, వేడి చూపించి, మిథిలీన్ బ్లూ వేయండి. చిక్కటి పెరుగు నేరుగా పూస్తే పాల మాంసకృత్తుల ముద్దలు కూడా నీలంగా మారి అంతా మసకగా ఉంటుంది. కడ్డీల్లా ఉన్నవి లాక్టోబాసిల్లస్. గుండ్రంగా, జతలుగానో గొలుసులుగానో ఉన్నవి స్ట్రెప్టోకోకస్, లాక్టోకోకస్ జాతులు. బాగా పులిసిన పెరుగైతే వాటికన్నా చాలా పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో ఒకటీ అరా ఈస్ట్ కణాలు కనిపించవచ్చు. ఈస్ట్ నిజకేంద్రక కణం. ఒంటరి కణమైనంత మాత్రాన కేంద్రకపూర్వ కణం అయిపోదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

కొలవండి, తర్వాత గీయండి

4 రెట్ల లెన్సు కింద ప్లాస్టిక్ స్కేలు పెట్టి, వలయం ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. చాలా బడి మైక్రోస్కోపుల్లో 4.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 40 రెట్ల లెన్సు అంటే పది రెట్లు ఎక్కువ, కాబట్టి వలయం పదో వంతు, 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రోమీటర్లు. ఆ వలయానికి అడ్డంగా ఆరు చెంప కణాలు పడతాయనిపిస్తే ఒక్కోటి 75 మైక్రోమీటర్లు.

బొమ్మ గీసేటప్పుడు పుస్తకం చేసే తప్పు మనం చేయొద్దు. పుస్తకంలో బ్యాక్టీరియా, జంతు కణం పక్కపక్కనే ఒకే పరిమాణంలో ఉంటాయి, పిల్లల మనసులో అదే ముద్ర పడిపోతుంది. మీరు ఒక మైక్రోమీటరుకు 2 మిల్లీమీటర్ల లెక్కన గీయండి. 60 మైక్రోమీటర్ల చెంప కణం 12 సెంటీమీటర్లు, నోటుపుస్తకం పేజీ నిండుతుంది. దాని కేంద్రకం దాదాపు 2 సెంటీమీటర్లు. 2 మైక్రోమీటర్ల బ్యాక్టీరియా 4 మిల్లీమీటర్లు, ఒక బియ్యపు గింజ కన్నా చిన్నది. ఉల్లి కణం 300 మైక్రోమీటర్లుంటే 60 సెంటీమీటర్లు, దానికి వార్తాపత్రిక పరచాల్సిందే. పరచండి, పిల్లలు ఆ రోజును మరచిపోరు.

కనిపించనివి బొమ్మలో ఎలా చేర్చాలి

వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోప్ 0.2 మైక్రోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. రైబోజోమ్ దానికి పదో వంతు ఉంటుంది. కణత్వచం మందం అంతకన్నా తక్కువ. కాబట్టి కంటితో చూసినవి పెన్నుతో, పుస్తకం చదివి చేర్చినవి పెన్సిల్‌తో గీయించండి. ఏది చూశామో, ఏది నమ్ముతున్నామో పిల్లలకు విడిగా తెలియాలి.

బ్యాక్టీరియాలో పెన్సిల్‌తో చేర్చాల్సినవి: బయట పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి పదార్థంతో చేసిన కణకవచం, లోపల కణత్వచం, ముడుచుకున్న గుండ్రటి డీఎన్ఏ, చుక్కలుగా 70ఎస్ రైబోజోమ్‌లు. ఈ-కోలై అనే బ్యాక్టీరియా డీఎన్ఏను సాగదీస్తే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు, అది ఉన్న కణం 2 మైక్రోమీటర్లు. ఎంత మడతపెడితే పట్టిందో ఊహించండి. చెంప కణంలో చేర్చాల్సినవి: కేంద్రకం చుట్టూ జంట పొర, అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం, మైటోకాండ్రియా, 80ఎస్ రైబోజోమ్‌లు. కణకవచం గీయకూడదు, మనకు అది లేదు.

70, 80 అంకెలు ఎందుకు పనికొస్తాయని ఎవరైనా అడిగితే మందుల చీటీ చూపించండి. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా రైబోజోమ్‌లోని చిన్న భాగమైన 30ఎస్‌కు అంటుకుని దాని పని ఆపేస్తుంది. మన కణద్రవ్యంలోని 80ఎస్ రైబోజోమ్‌ల జోలికి అంతగా పోదు. పెన్సిలిన్ కణకవచం కట్టుకోనివ్వదు, మనకు కవచమే లేదు కాబట్టి మన కణాలకు ఆ దెబ్బ తగలదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దాన్ని బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో. అక్కడ పరిశోధనలకు సారథ్యం వహించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లో ఏటీపీని, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థాన్ని, గుర్తించినవారిలోనూ ఆయన ఒకరు. ఆ ఏటీపీ రెండు రకాల కణాల్లోనూ ఉంటుంది. మన కణాల్లో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో తయారవుతుంది. మైటోకాండ్రియా లేని బ్యాక్టీరియా తన కణత్వచం మీదే తయారుచేసుకుంటుంది. ఆ కణత్వచం గీతను బొమ్మలో పెన్సిల్‌తో కాస్త ముదురుగా గీయించండి.

చివర్లో కడగటం

నోటి నుంచి తీసిన స్లైడులు, పుల్లలు చెత్తబుట్టలో నేరుగా వేయకండి. బట్టల బ్లీచ్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, తర్వాత స్లైడులు సబ్బుతో కడిగి ఆరబెట్టండి, పుల్లలు పారేయండి. ఆయిల్ లెన్సు వాడితే ఆ రోజే లెన్స్ పేపరుతో తుడవాలి. ఆ నూనె 40 రెట్ల లెన్సుకు తగలకుండా చూసుకోండి.

సర్దుకుంటున్నప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు కదా, మరి అదీ కేంద్రకపూర్వ కణమేనా? కాదు. అది ఎముక మజ్జలో పుట్టినప్పుడు కేంద్రకం ఉంటుంది, పెరిగే దారిలో దాన్ని వదిలేస్తుంది. బ్యాక్టీరియాకు వదిలేయడానికి కూడా ఎప్పుడూ లేదు. కాలేజీ ల్యాబులో కప్ప రక్తం శాశ్వత స్లైడు ఉంటే అడిగి తీసి చూపించండి. అందులో ప్రతి ఎర్ర కణం నడుమా కేంద్రకం కోలగా, చెక్కుచెదరకుండా ఉంటుంది.